కొమ్ముకు కట్టి వచ్చిన రుమాలు

మా పెద్దతాత ఒక్కడే అని నాకు నలభై దాటేదాకా గట్టి నమ్మకం. మనిషన్నవాడు ఎవడైనా ఒక్కడే ఉంటాడు కదా, ఇందులో నమ్మడానికేముంది అంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా పని చెప్పాలి. హైటెక్ సిటీలో ఎగ్జిబిషన్లకు స్టాళ్లు కడతాను. ప్లైవుడ్, కార్పెట్, లైట్లు, గాజు పెట్టెలు. ఒక వారం నగలు, ఒక వారం మందుల కంపెనీలు, ఒక వారం ఇళ్ల ప్లాట్లు. రాత్రికి రాత్రి మహల్ లేపుతాం, పని కాగానే పీకేసి లారీలో వేస్తాం. రాజుల సంగతీ అంతే, వాళ్లకు హాలు కిరాయికి కొంచెం ఎక్కువ కాలం దొరికింది. చదువు ఏడో తరగతితో సరి. నాకూ లెక్కల సారుకూ పడలేదు. ఇద్దరిలో ఒకరు బడి మానాల్సి వచ్చింది. సారుకు పెళ్లాం పిల్లలున్నారని నేనే మానేశాను.

ఆ ఎగ్జిబిషన్ నాకు కొత్త రకం. అన్నీ పాత గుడ్డలు. ఒకప్పుడు ఎక్కడైనా రాజు గద్దెనెక్కి ఫలానా ఏళ్లయిందంటే ఆయన ముఖం రుమాళ్ల మీద అచ్చువేసి పంచేవారట. పెద్ద నుమాయిష్ పెడితే దాని స్వాగత ద్వారం, కరెంటు దీపాల స్తంభం, ఫౌంటెన్ గుడ్డ మీద వేసి అమ్మేవారట. ఇప్పుడు కంపెనీలు వార్షికోత్సవానికి టీషర్టులు పంచుతాయి కదా, అదే ఖాందాన్. ఒక బల్లగుడ్డ చూశాను, ఏదో దూరదేశపు మహారాణి ముఖం సరిగ్గా మధ్యలో ఉంది. కూర గిన్నె ఎక్కడ పెట్టినా ఆవిడ ముక్కు మీదే పెట్టాలి.

మధ్యాహ్నానికి ఒక చెక్కపెట్టె మూత తీసి, పలచటి కాగితం తొలగించాను. లోపల నుంచి మా పెద్దతాత నన్ను చూశాడు.

తలపాగా, తీర్చిన మీసం, మెడలో హారాలు, రెప్పలు బరువైన కళ్లు. చుట్టూ అంచుమీద ఏనుగులు, ఫిరంగులు, గోపురాల భవనాలు, తీగల్లా అల్లుకుపోయిన ఉర్దూ అక్షరాలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న ముఖం. పూజలో పెట్టే మా ఇంటి రుమాలును ఎవరో ఎత్తుకొచ్చారనుకుని గబుక్కున పైకి తీశాను. దాని కింద ఇంకో కాగితం. ఆ కాగితం కింద మళ్లీ ఆయనే. దాని కింద మళ్లీ ఆయనే. ఒకాయన పోయిన రంగులో, ఒకాయన చిరిగిన అంచుతో, ఒకాయన కొత్త పెళ్లికొడుకులా. పెట్టె అడుగుదాకా ఆయనే పడుకుని ఉన్నాడు, ఒకరి మీద ఒకరు. అందరూ కళ్లు తెరుచుకునే.

పెట్టె మూత మళ్లీ వేసేశాను.

ఆ ఎగ్జిబిషన్ పెట్టిన మేడం భీమవరం వైపు మనిషి, గుడ్డల మీద పెద్ద చదువు చదివింది. మనిషి మంచిది, పనివాళ్లను కూడా గారు అని పిలిచేది. ఆవిడ దగ్గరికి వెళ్లి, "మేడం, ఈయన మా తాత," అన్నాను.

ఆవిడ కుర్చీలోంచి లేచి నిలబడింది. "అయ్యో, ముందే చెప్పొచ్చు కదండీ. మీరు ఆ కుటుంబమా? అలాంటిది మీరు స్క్రూలు బిగించడమేంటండీ?"

"రోజు గడవాలి గద మేడం," అన్నాను.

కాసేపు నేను రాజవంశం. కప్పు, సాసరుతో టీ వచ్చింది. నేను చిటికెన వేలు కూడా లేపి పట్టుకున్నాను. తర్వాత ఆవిడ అడిగిన రెండు మాటల్లో, మేము ఏటా పూజలో పెట్టే రుమాలు సంగతి బయటపడింది. అది పట్నాన్ని ఏలిన రాజుగారి ముఖం, ఆయన ఏలుబడి జూబిలీకి అచ్చేసిన రుమాలు, బడిపిల్లలకూ బండ్లవాళ్లకూ ఊరికే పంచారట. టీ చల్లారకముందే నా రాజ్యం పోయింది.

"మీ ఇంట్లో ఉన్నది ఒకసారి చూపిస్తారా అండీ?" అంది ఆవిడ. "పూజలో వాడే పీస్ నేనెప్పుడూ చూడలేదు."

మాది నార్సింగి. చుట్టూ ముప్పై అంతస్తుల టవర్లు లేచాయి గానీ పాత ఊరు ఇంకా మధ్యలో పంటి సందులో పోకచెక్కలా ఇరుక్కుని ఉంది. సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"అమ్మా, మన పెద్దతాత మన పెద్దతాత కాదంట," అన్నాను.

"మరెవరంట?"

"రాజంట. పట్నం రాజు. ఆయన పండుగకు అచ్చేసి పంచిన రుమాలంట. ఆడ పెట్టె నిండ ఉన్నరు."

అమ్మ చెయ్యి ఆగలేదు. "ఆ రాజు పండుగకే గదరా మన తాత బండి కట్టుకపోయింది. నాకు తెల్వదనుకున్నవా? మీ ముత్తవ్వకు తెల్వదా? కట్టుకున్న మొగని ముఖం ఆమెకు ఎరుకలేదా?"

నేను పేలుద్దామని తెచ్చిన జోకు నా చేతిలోనే పేలింది.

ముత్తవ్వ అంటే ఆ పెద్దతాత భార్య, మా నాన్నకు నాయనమ్మ. నేను పాకే వయసులో ఆమె పోయింది. ఆమె చెప్పిన కథ అమ్మ నోట చాలాసార్లు విన్నాను గానీ పూర్తిగా విన్నది ఆరోజే. పెద్దతాతకు ఎడ్లబండి ఉండేది. రాజుగారి పండుగకు పట్నంలో పందిళ్లు వేస్తున్నారని, వెదురు బొంగులు వేసుకుని వెళ్లాడు. పండుగ అయిపోయింది. వెళ్లినవాళ్లంతా వచ్చారు. ఒకరోజు పొద్దున ముత్తవ్వ వాకిలి ఊడుస్తుంటే బండి వచ్చి ఇంటి ముందు ఆగింది. ఎడ్లు వాటంతటవే తొవ్వ పట్టుకుని, లంగర్‌హౌజ్ మీదుగా, అంత దూరం నడిచి వచ్చాయి. బండిలో మనిషి లేడు. బొంగులూ లేవు. కుడివైపు ఎద్దు కొమ్ముకు ఈ రుమాలు కట్టి ఉంది.

ముడి మగవాడు వేసిన ముడి కాదని ముత్తవ్వ అనేదట. ఆ మాటకు అర్థమేమిటో ఆమె చెప్పలేదు, అమ్మ అడగలేదు.

వెతికారు. దవాఖానాల్లో చూశారు, ఠాణాల్లో అడిగారు. దొరకలేదు. తిథి తెలియని వాళ్లకు పెత్రమాస నాడు పెట్టుకోవాలని పెద్దలన్నారు. మా వైపు బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య నాడే పెద్దలకు అన్నం పెడతారు. పెట్టడానికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాలి. ముత్తవ్వ ఆ రుమాలునే గోడకు కట్టి, నుదుటన బొట్టు పెట్టింది.

"నేను కాపురానికొచ్చిన కొత్తల అడిగిన," అంది అమ్మ. "అవ్వా, తాత గిట్లనే ఉండెనా అని. మొదట్ల గిట్ల లేకుండె బిడ్డా, సూడంగ సూడంగ ఆయనే అయిండు అన్నది."

"మరి రాజు ఏమయిండు?"

"రాజుకు శాన రుమాళ్లున్నయి. మనాయనకు ఒక్కటే."

చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టి అమ్మ ఇంకో మాట చెప్పింది. ముత్తవ్వ పోయే ముందు ఆమె చెయ్యి పట్టుకుని చెప్పిన మాట. ఆయన తొవ్వ తప్పిన మనిషి. ఏడాదికొక్కసారి ఇంటి అన్నం వాసన తగలాలి. ఒక్క పెత్రమాస తప్పిందా, మళ్లా తొవ్వ తప్పుతడు. ఇగ ఎవ్వలు పిలిచినా రాడు. అమ్మ కాపురానికి వచ్చినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. నా చెల్లెలు పుట్టిన ఏడు బాలింత నడుముతోనే లేచి వండింది.

ఆ పెట్టుకోవడం ఎలా ఉంటుందో చెప్పాలి. రుమాలు ఏడాదంతా రేకు డబ్బాలో వేపాకు మధ్య ఉంటుంది. ఆరోజు అమ్మ దాన్ని నడింట్లో గోడకు కడుతుంది. పసుపు, కుంకుమ, సాంబ్రాణి పొగ. విస్తరాకులో అన్నం, గారెలు, మటన్ కూర, పచ్చిపులుసు. అంతా వడ్డించి, తలుపు దగ్గరికి వేసి, అందరం బయటికి వచ్చి నిలబడాలి. తినేవాళ్ల నోటికేసి చూడకూడదు కదా. చిన్నప్పుడు నేను తలుపుకు చెవి ఆనించి వినేవాణ్ణి. ఒక్కోసారి లోపల విస్తరాకు గచ్చు మీద జరిగినట్టు చప్పుడయ్యేది. ఎలుక, అనేవాణ్ణి. ఎవరూ అడగకముందే అనేవాణ్ణి.

ఏడాదికొక బొట్టు చొప్పున పడి పడి ఆ నుదురు గోధుమరంగు తేలింది. పొగకు ముఖం చామనఛాయకు దిగింది. మడతల దగ్గర బుగ్గలు కొంచెం లోపలికి పోయాయి. రాజుగారు మెల్లమెల్లగా బండి తోలే కాపోడయ్యాడు. విచిత్రం ఏమంటే మా వాళ్లు కూడా అటువైపే నడిచారు. మా నాన్న మీసం నెరిశాక రుమాలు పక్కన నిలబడితే చూసినవాళ్లు ఒకసారి ఇటు, ఒకసారి అటు చూసేవారు. ఈ మధ్య నేను గడ్డం గీసుకుంటుంటే అమ్మ వెనక నుంచి చూసి, "నీ రెప్పలు గూడ బరువైతున్నయిరా," అంది. నిద్ర చాలక అన్నాను. ఎలుక అన్నట్టే.

మేడం ఒకరోజు మా ఇంటికి వచ్చింది. చెప్పులు వాకిట్లో విప్పి, అమ్మ డబ్బాలోంచి తీసి పరిచిన రుమాలు ముందు చాప మీద కూర్చుని మూలమూలా వంగి చూసింది. తర్వాత అడిగింది. "అమ్మా, మీరు అనుమతిస్తే వరసలో మీదీ పెడతానండీ. మిగతావన్నీ బీరువాల్లో ఉండి వచ్చినవి. ఇదొక్కటే ఒక ఇంట్లో మనిషిలా బతికింది."

ఆ మాట అమ్మకు నచ్చింది. "డబ్బాల పండుకొని పండుకొని యాష్టకొచ్చి ఉంటడు. జర నలుగురిని సూడని," అంది. "కానీ బిడ్డా, పెత్రమాస కాడికి ఇంట్ల ఉండాలె. మాట తప్పితే నీకు గాదు, ఆయనకు తొవ్వ పోతది."

"తప్పకుండా అండీ. దానికి ముందే అయిపోతుంది మా ఎగ్జిబిషన్."

నేను గాజు ఫ్రేములు బిగించి, లైట్లు పెట్టి, ఇంకో పని మీద జీడిమెట్ల వెళ్లిపోయాను. రుమాళ్లు లోపల పెట్టే పని మేడం మనుషులది. పెత్రమాస దగ్గర పడుతుండగా ఫోను వచ్చింది. బయటి దేశం నుంచి పెద్దమనుషులు చూడ్డానికి వస్తున్నారని, ఎగ్జిబిషన్ ఇంకొన్ని రోజులు పొడిగించారని, పైవాళ్లు ఫ్రేములు విప్పనివ్వడం లేదని ఆవిడ చాలా బాధపడుతూ చెప్పింది. నేను ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలా అని ఒక పూటంతా తిరిగాను. జోకులన్నీ వెతికాను, ఒక్కటీ సరిపోలేదు.

అమ్మ విని, గోడకు రుమాలు కట్టే మేకుల వంక చూసింది. "ఆయన రాకుంటే మనమే పోదాం," అంది. "అన్నం నడుస్తది గద."

పెత్రమాస నాడు తెల్లారకముందే లేచి వండింది. స్టీలు డబ్బాల్లో సర్దింది, ఒక విస్తరాకు చుట్టి పైన పెట్టింది. ఆటోలో గచ్చిబౌలి ఫ్లైఓవర్ ఎక్కాం. చుట్టూ అద్దాల మేడలు. ప్రతి అద్దంలో మా ఆటో కనిపిస్తోంది, పక్క అద్దంలో మళ్లీ మా ఆటో. అమ్మ డబ్బాను రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని కూర్చుంది. వేడి చల్లారితే వాసన రాదని ఆమె భయం.

హాలు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన ఆపాడు. పాలమూరు వైపు మాట.

"డబ్బాల ఏముంది పెద్దమ్మా?"

"అన్నం."

"ఎవరికి?"

"లోపల మావోడు ఉన్నడు."

"ఏ స్టాల్ల?"

"గోడకున్నడు."

ఆయన నా వంక చూశాడు. "అన్నా, ఇయ్యాల పెత్రమాస," అన్నాను. ఆయన ముఖం మారింది. అటూ ఇటూ చూసి డబ్బాను మిషన్లో పెట్టకుండా చేత్తో పట్టుకుని అవతలి వైపు అందించాడు. "లోపల మూత తియ్యకు పెద్దమ్మా. కెమెరాలున్నయి," అన్నాడు. కొంచెం ఆగి, "మా ఇంట్ల ఈయాల్టికి మా తమ్ముడు పెడుతుండొచ్చు," అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే.

లోపల జనం లేరు. పండుగపూట ఎవరొస్తారు. ఏసీ చలికి అమ్మ కొంగు భుజాల మీదుగా కప్పుకుంది. నేను బిగించిన ఫ్రేములే, నేను పెట్టిన లైట్లే, కానీ మూల తిరిగి ఆ వరస ముందుకు రాగానే నా కాళ్లు ఆగాయి. గోడ పొడవునా ఒకే ముఖం. ఒకే తలపాగా, ఒకే మీసం, అవే బరువైన రెప్పలు. లైట్లు నేనే కింద నుంచి పెట్టాను, అలా పెడితే గుడ్డ బాగా కనిపిస్తుందని. అలా పెడితే ముఖాలు ఊపిరి పట్టుకుని ఉన్నట్టు కనిపిస్తాయని నాకు తట్టలేదు.

అమ్మ చెప్పులు విడిచి, గబగబా వరస వెంట నడిచింది. చివరిదాకా వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. ఈసారి మెల్లగా.

"మనోడేడిరా?" అంది.

నేనూ అప్పుడే చూశాను. ఏ నుదుటి మీదా బొట్టు లేదు.

మేడం లోపలి గది నుంచి వచ్చింది. అమ్మను చూసి సంతోషపడింది. "ఇదిగోనండీ మీది," అని ఒక ఫ్రేము చూపించింది. "ఎంత బాగా వచ్చిందో చూడండి. పసుపు, నూనె, పొగ, చాలా మరకలుండేవి కదా. మా వాళ్లు ఒక్క దారం కూడా పోకుండా అన్నీ తీసేశారు. అచ్చు వేసిన రోజు ఎలా ఉందో అలా ఉంది."

ఆవిడను తప్పు పట్టలేం. ముసలాయనకు స్నానం చేయించి కొత్త బట్టలు తొడిగినంత ప్రేమగా చెప్పింది.

అమ్మ అరవలేదు. ఆ గాజు దగ్గరికి వెళ్లి తేరిపార చూసింది. వేలితో నుదుటి చోటు తడిమింది. తర్వాత తల అడ్డంగా ఊపి, పక్క ఫ్రేము దగ్గరికి జరిగింది. తర్వాత దాని పక్కదానికి. ప్రతి దాని ముందు ఆగి, మెల్లగా, ఇంట్లో పెద్దవాళ్లను భోజనానికి లేపినట్టు, "తాతా," అని పిలిచింది.

సరిగ్గా అప్పుడే ఏసీ ఆగింది. హాళ్లలో అది మామూలే; అంతసేపూ ఉన్న హోరు ఒక్కసారి పోయి, మన చెవులు మనకే వినిపిస్తాయి. ఎన్ని వందల సార్లు చూసి ఉంటానో. అయినా తల తిప్పి వరసంతా చూశాను. ఆ నిశ్శబ్దం ఎవరూ లేని నిశ్శబ్దంలా లేదు. నలుగురు కూర్చున్న గదిలో ఒక పేరు పిలిస్తే, అది ఎవరి పేరో తేలక అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకునే నిశ్శబ్దం.

"ఎవ్వలు పలుకుతలేరు," అంది అమ్మ. "కానీ అందరు ఇన్నరు."

నేను నవ్వించే మాట ఏదైనా అందామని ఒక ఫ్రేము ముందు నిలబడ్డాను. గాజులో నా ముఖం ఆయన ముఖం మీద పడింది. కళ్ల మీద కళ్లు, మీసం మీద మీసం, అతికినట్టు. పక్కదానికి జరిగాను. అక్కడా అంతే. వరసంతా నడిచాను. ఒక్కదాని దగ్గర మాత్రం కళ్లు కలవలేదు. అందులో ఆయన నన్ను చూడటం లేదు, నా భుజం పక్క నుంచి, తలుపు వైపు చూస్తున్నాడు. "అమ్మా, ఇటు రా," అన్నాను. ఆమె వచ్చేసరికి అది ఏ ఫ్రేమో నాకే తెలియలేదు. మళ్లీ మొదటి నుంచి చూశాను. అందరూ నన్నే చూస్తున్నారు.

"మేడం, మాది ఇదే అని మీకెట్ల తెలుసు?" అని అడిగాను.

"ప్రతిదానికీ చీటీ కట్టాం కదండీ," అంది ఆవిడ. తర్వాత ఫ్రేము దగ్గరికి వంగింది. "శుభ్రం చేసేటప్పుడు చీటీలు తీస్తారు. మళ్లీ కట్టేటప్పుడు ముందు తీసిన ఫొటోలతో పోల్చి చూసుకుంటాం. ఫొటోలో మీది గుర్తుపట్టడం చాలా తేలికండీ, నుదుటి మీద పెద్ద..." ఆవిడ గాజుల వెనక బోసి నుదుళ్ల వైపు తిరిగింది. మూలల చిరుగులు చూద్దామంది. అన్నిటి మూలలూ చిరిగే ఉన్నాయి. ముడులు వేయని రుమాలు లోకంలో ఉండదు. ఆవిడ ఆ వరస వంక అంతకుముందు చూసినట్టు చూడలేకపోయింది. చేతులు కట్టుకుని, నా పక్కకు వచ్చి నిలబడింది.

అమ్మ చేతిలో డబ్బా చల్లారుతోంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఆ పొద్దు దాటితే ఆ ఏడు తప్పినట్టే.

"బిడ్డా," అని మేడంను పిలిచింది. "ఈ తక్కినోళ్లంత యాడికెళ్లి వచ్చిండ్రు?"

"ఇళ్లలోంచేనండీ. ఎవరెవరి పాత పెట్టెల్లోంచో. అమ్మినవాళ్లు కొందరు, పారేస్తుంటే తెచ్చినవి కొన్ని."

"గట్లనే ఉంటది. ఎవ్వలింటికి ఎవ్వలు రాలేదో మనకేమెరుక." అమ్మ డబ్బా ఎత్తుకుంది. "నడువుండ్రి. అందరికీ పెడదాం. మనోడు అండ్ల ఉంటడు."

హాలు వెనక జనరేటర్ గది పక్కన కొంచెం గడ్డి నేల ఉంది. సెక్యూరిటీ ఆయనే దారి చూపించాడు. ఒక్క విస్తరాకు ఎవరికీ చాలదని క్యాంటీన్‌కెళ్లి కాగితం ప్లేట్లు తెచ్చాడు. అమ్మ వాటిని లోపలి వరసలాగే వరసగా పరిచింది. ఒక్కడికి తెచ్చిన అన్నాన్ని అందరికీ పంచింది. గారె తుంచి ముక్క ముక్క వేసింది. ఎవరికీ కడుపు నిండే అన్నం కాదు, వాసన తగిలేంత అన్నం. మేడం బూట్లు విప్పి, పచ్చిపులుసు తను పోస్తానని అడిగి తీసుకుంది.

అందరం గోడ వైపు తిరిగి నిలబడ్డాం. హైటెక్ సిటీలో కాకులు ఎక్కడున్నాయని నా అనుమానం. వాటికీ ఐడీ కార్డు కావాలేమో అని అనబోయాను. అంతలోనే రెక్కల చప్పుడు. ఒకటి కాదు. గాజు మేడల మీద నుంచి, నీళ్ల ట్యాంకుల మీద నుంచి దిగాయి. కాకి తిండి చూస్తే అరిచి పదిమందిని పిలుస్తుంది. ఇవి అరవలేదు. మా వెనక కాగితం ప్లేట్లు గడ్డి మీద రాసుకునే చప్పుడు మాత్రం వినిపించింది, చాలామంది బంతికి కూర్చుని మాట్లాడకుండా తింటున్నట్టు. తిరిగి చూసేసరికి ప్లేట్లన్నీ ఖాళీ. మెతుకు లేదు.

అమ్మ ముఖం తేలికపడింది. "తొవ్వ తప్పలే," అంది.

ఎగ్జిబిషన్ అయిపోయాక మేడం స్వయంగా రుమాలు తెచ్చి ఇచ్చింది. అదే మాదని ఆవిడ అనలేదు, అమ్మ అడగలేదు. వేపాకు మధ్య డబ్బాలో పడుకుంది. తర్వాతి పెత్రమాసకు గోడకు కట్టి, అమ్మ మళ్లీ మొదటి బొట్టు పెట్టింది. అంత తెల్లటి నుదుటి మీద అది దెబ్బలా కనిపించింది.

ఆ ఏడు విస్తరాకులు పరుస్తూ నా భార్య అడిగింది, "ఎన్ని వెయ్యాలె అత్తమ్మా?"

"ఇల్లు నిండ వెయ్యి."

"ఒక్క తాతకు గిన్ని ఎందుకే?" అన్నాను.

"పోయినసారి అందరికీ పెడితిమి గదరా. ఒకసారి తిన్నోళ్లకు ఇల్లు ఎరుకైతది. వచ్చినోళ్లను వాకిట్ల నిలబెడుతమా?"

నడిల్లంతా విస్తరాకులు. చివరి ఆకు గడప లోపల, తలుపుకు ఆనుకుని పడింది. వడ్డించి, తలుపు వేసి బయటికి వచ్చాం. నాకిప్పుడు చెవి ఆనించే వయసు కాదు. ఆనించాల్సిన అవసరమూ రాలేదు. లోపల ఆకులు జరుగుతున్న చప్పుడు వాకిట్లోకి వినిపించింది. ముందు ఒక మూల, తర్వాత ఇంకో మూల, తర్వాత అంతటా. నా భార్య నా మోచెయ్యి పట్టుకుంది. ఎలుకలు అందామనుకున్నాను. అన్ని ఎలుకలుంటే అదింకా భయం.

తలుపు తీస్తే ఆకులు కొంచెం కొంచెం అటూ ఇటూ తిరిగి ఉన్నాయి. కూర మీద నూనె తెట్టు విరిగి ఉంది. ఆ ఆకులన్నీ ఎత్తి వాకిట్లో గోడ మీద పెడితే కాకులు వచ్చి తిన్నాయి. గడప దగ్గరి ఆకు ఒక్కటే పెట్టింది పెట్టినట్టు ఉంది. దాన్నీ గోడ మీద పెట్టాం. ఏ కాకీ ముట్టలేదు. పక్క ఆకులో మెతుకుల కోసం పొడుచుకున్నాయి గానీ దాని జోలికి రాలేదు.

నా భార్య తీసేయబోతే అమ్మ ఆపింది. ఆకును లోపలికి తెచ్చి, గడప దగ్గరే పెట్టి, మీద ఇంకో ఆకు బోర్లించింది. పక్కనే గోడకు చేరగిలబడి కూర్చుంది.

"అమ్మా, నువ్వు తిను ఇగ. పొద్దు దాటింది," అన్నాను.

"తింటతీయ్. ఆయనింక రాలే."

"ఎవలు?"

అమ్మ గోడ మీది ముఖం వంక చూడలేదు. వాకిలి వైపు చూస్తోంది. "వీళ్లందరు వచ్చి తిని పోయిండ్రు. మనోడు తొవ్వల ఉన్నడు. ఇప్పుడు ఆ తొవ్వంత ఫ్లైఓవర్లాయె, మనిషి నడిచి వచ్చేటట్టున్నదా? ఆలస్యమైతది."

వాకిట్లోకి వెళ్లి, మా పెద్ద గేటు గడియ తీసి, ఎడ్లబండి పట్టేంతగా రెండు తలుపులూ బార్లా తెరిచి వచ్చాను.